పొట్టి కేబులు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దవాళ్లు. పెళ్లి క్యాసెట్టుని కంప్యూటరులోకి ఎక్కించి చూడు అని మాత్రం అనలేదు. వాళ్లకా బాధ లేదు గనక సరిపోయింది. నేను చేసి చూశాను. చూసినదాన్ని గనక చెబుతున్నాను, మొదటి రెండూ నయం.

అసలిది మొదలైంది మా నాన్నగారితో. ఆయనకి ఎనభై రెండేళ్లు. మూడేళ్లుగా మా దగ్గరే వుంటున్నారు. చెవికి మిషను పెట్టుకుంటారు. 2024 ఏప్రిల్‌లో ఓ సాయంత్రం కాఫీ తాగుతూ తాగుతూ గ్లాసు కింద పెట్టి, "మీ అమ్మ మొహం కళ్లకి కట్టినట్టే వుంటుందే. గొంతే ఎలా వుండేదో ఎంత తలుచుకున్నా అందడం లేదు," అన్నారు. కళ్లజోడు ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదన్నట్టు అన్నారు, అంతే. మళ్లీ పేపరు తీసుకున్నారు.

నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మ 2006లో పోయింది. ఫోటోలున్నాయి, రెండు ఆల్బముల నిండా. పట్టుచీరలున్నాయి. ఆవిడ చేత్తో రాసిన ఆవకాయ కొలతల కాగితం వుంది. గొంతు లేదు. ఇప్పుడైతే పిల్లి పడుకున్నా పది వీడియోలు తీస్తున్నాం. అప్పటి మా ఫోను హలో అంటే హలో అనడానికి తప్ప ఎందుకూ కొరగానిది.

ఆలోచించగా ఆలోచించగా అక్కయ్య పెళ్లి క్యాసెట్టు గుర్తుకొచ్చింది. 1992 మే నెల, కాకినాడ. నాకప్పుడు పధ్నాలుగేళ్లు. పందిట్లో అమ్మ మంగళహారతి పాడింది. పాడుతుంటే వీడియో ఆయన లైటు ఆవిడ మొహం మీదే వేసి వుంచాడు. ఇది నాకు బాగా జ్ఞాపకం. ఎందుకంటే ఆ లైటు పట్టుకున్న కుర్రాడు నా పరికిణీ అంచు తొక్కి నిలబడ్డాడు.

అటక మీద ఇత్తడి గంగాళంలో దొరికింది క్యాసెట్టు. మర్నాడే పట్టుకెళ్లి ఒక షాపులో ఇచ్చాను. మూడు వారాలు తిప్పించుకుని, "టేపు మీద బూజు పట్టిందండీ. బొమ్మ ఎలాగో తీస్తాంగానీ సౌండు బాగుండదు. అది తీసేసి మంచి పాటలు వేసిచ్చేమా?" అన్నారు. నా గుండె జల్లుమంది. పెళ్లికూతుర్ని వదిలేసి పల్లకీ ఇస్తామన్నట్టుంది వరస. క్యాసెట్టు లాక్కున్నంత పని చేసి ఇంటికొచ్చాను.

మా పేట చివర పాత టీవీలు బాగుచేసే పెద్దాయన ఒకాయన వున్నాడు. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. కిటికీలోంచి టేపు చుట్ట మీద తెల్లటి మచ్చలు కనిపించాయి. వెనకవున్న అయిదు మరలూ విప్పి, మెత్తటి గుడ్డ పెట్టి, చేత్తోనే చక్రాలు తిప్పుతూ రెండు పూటలు తుడిచాడు. పావు కిలోమీటరు పైచిలుకు పొడుగుంటుందట ఆ టేపు! బూజు తుడవకుండా ఆడిస్తే అది వీసీఆర్ హెడ్డుకి అంటుకుని, దాన్నించి పెట్టిన ప్రతి క్యాసెట్టుకీ పాకుతుందట. ఆ హెడ్డుండే డోలు నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో నలక చాలు, టేపు చిరగడానికి.

వీసీఆర్ కూడా ఆయనే ఎరువిచ్చాడు. కొందామంటే దొరికితేగా! 1976లో జపానులో పుట్టిన ఈ వీహెచ్ఎస్‌కి 2016లో జపానులోనే చివరి వీసీఆర్ కంపెనీ కూడా నమస్కారం పెట్టేసింది. ఇస్తూ ఒక మాట చెప్పాడు. "ఊకె నడపకుండ్రమ్మా. ఒక్కపారి నడుస్తది, మీ నసీబు మంచిగుంటే రెండుపార్లు. మూడోపారి నేనైతే చెప్పలేను. నడిచినప్పుడే పట్టుకోండ్రి."

అంటే అన్నీ సిద్ధం చేసుకుని, అంతా పనిచేస్తోందని రూఢి చేసుకున్నాకే ఆ క్యాసెట్టు ముట్టుకోవాలి. పరీక్షలకి మరొక క్యాసెట్టు ఇచ్చాడు. ఎవరిదో గృహప్రవేశం, వాళ్లు వదిలేసి పోయారట. ఆ తరువాత పన్నెండు రోజులు ఆ కుటుంబమే మాకు చుట్టాలైపోయింది.

ఇంక పెట్టె సంగతి.

మా అక్కయ్య కొడుకు హైదరాబాదులో వీడియో ఎడిటింగు చేసేవాడు. కెనడా వెళ్లిపోతూ, "పిన్నీ, ఈ అట్టపెట్టె మీ ఇంట్లో వుంచుతాను, పారెయ్యకు," అని మంచం కింద తోసి పోయాడు. అందులో ఇనుప పెట్టె, దాని కడుపులో వీడియో క్యాప్చర్ కార్డు. ఫోన్ చేస్తే, "భలేవారే పిన్నీ! దానికోసమేగా అది వున్నది!" అన్నాడు.

బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. నాకు అర్థమైన మేరకు చెబుతాను. వీసీఆర్‌లోంచి బొమ్మ ధారగా వస్తుంది. కంప్యూటరు అంకెలు తప్ప తినదు. ఈ కార్డు ఆ ధారని సెకనుకి 25 బొమ్మలుగా కోసి, ఒక్కో బొమ్మనీ 576 వరుసల్లో, వరుసకి 720 చుక్కల చొప్పున లెక్కపెట్టి కంప్యూటరుకి అందిస్తుంది. పిండకుండా, నొక్కకుండా వున్నదున్నట్టు దాచాలంటే గంట బొమ్మకి దాదాపు 75 గిగాబైట్ల చోటు కావాలి. ఇలాంటి కార్డు పెద్ద కంప్యూటరు లోపల, పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే గాడిలో దిగబడి వుండాలి. ల్యాప్‌టాపులో ఆ గాడి ఏదీ? అందుకని గాడీ, దానికి కావలసిన కరెంటూ, చల్లబరిచే ఫ్యానూ అన్నీ ఒక పెట్టెలో పెట్టి బయట కూర్చోబెట్టారు. ఎక్స్‌పాన్షన్ చాసిస్ అంటారు దాన్ని.

మా అమ్మమ్మగారింట్లో వంటిల్లు పెరట్లో విడిగా వుండేది. అసలింటికీ వంటింటికీ మధ్య కప్పు వేసిన నడవ. వంటంతా అక్కడే, వడ్డన ఇక్కడ. ఈ పెట్టె పెరటి వంటిల్లన్నమాట. నడవ ఏమిటంటే థండర్‌బోల్ట్ కేబులు. 2011లో వచ్చిన ఏర్పాటిది. మూడో తరానికొచ్చేసరికి సెకనుకి 40 గిగాబిట్లు మోస్తుంది. దాని ములుకు మాత్రం మన ఫోను చార్జింగు సి-టైపు ములుకు ఎలా వుంటుందో అచ్చం అలాగే వుంటుంది. నా కొంపలు ముంచింది అదే.

చవగ్గా దొరికే బుల్లి ముక్క ఒకటి యూఎస్‌బీలో గుచ్చుకుంటే పోయేదిగా అంటారేమో. మావారూ అదే అన్నారు, కొనుక్కొచ్చారు కూడా. గృహప్రవేశం వాళ్ల పురోహితుడు నోరు మూసేశాక మంత్రం వినిపించింది. పావుగంట పోయేసరికి ఆయన తాంబూలం పుచ్చుకుంటూంటే సంకల్పం చెబుతున్నాడు. దాన్ని సొరుగులో పడేశాం.

సరే, పెట్టె బల్ల మీద పెట్టి, ప్లగ్గు పెట్టి, కేబులు ల్యాప్‌టాపుకి తగిలించాను. పెట్టె మీద నీలం దీపం వెలిగింది. ఫ్యాను తిరిగింది. నాన్నగారు కుర్చీ దగ్గరగా లాక్కున్నారు. ల్యాప్‌టాపు మాత్రం రాతిబొమ్మలా వూరుకుంది. డివైస్ మేనేజరు తెరిస్తే అందులో మా ఇంటి ప్రింటరు నించి అన్నీ వున్నాయి, ఈ కార్డు తప్ప.

దీపం వెలుగుతోంది గనక పెట్టె బాగానే వుంది, అది బాగుంది గనక కేబులూ బాగానే వుంది, కాబట్టి కార్డే పోయింది అని తీర్మానించేశాను. ఎంత తెలివితక్కువో చూడండి. దీపానికీ ఫ్యానుకీ కరెంటు గోడలోంచి వస్తోంది. పెరటి వంటింట్లో పొయ్యి మండుతోంది నిజమే, నడవలో ఎవరైనా నడుస్తున్నారో లేదో పొగ చూస్తే ఎలా తెలుస్తుంది?

కార్డు తీసి, అంచు తుడిచి, మళ్లీ గట్టిగా దింపాను. ఊహూఁ. ఆపేసి ఆన్ చేశాను. ఊహూఁ. పైవాటాలో కుర్రాడికి పెద్ద కంప్యూటరుంది. అందులో పెట్టించాను. పెట్టీ పెట్టగానే 'మల్టీమీడియా వీడియో కంట్రోలర్' అని పసుపు గుర్తుతో ప్రత్యక్షమైంది! "డ్రైవరు లేదంటోందాంటీ, కానీ కార్డు బతికే వుంది," అన్నాడు. అక్కడే పని కానిచ్చేద్దామంటే అది అతని ఆఫీసువాళ్లిచ్చిన కంప్యూటరు. వాళ్ల అనుమతి లేనిదే అందులో మరేదీ ఎక్కించకూడదట. ఆ పది నిమిషాలూ పాపం ముళ్ల మీద కూర్చున్నాడు.

కార్డు నిర్దోషి అని తేలింది. కెనడాకి ఫోను. అక్కడ తెల్లవారుజాము, వీడు నిద్రమొహంతో, "ల్యాప్‌టాపుకి రెండు పక్కలా సి రంధ్రాలుంటాయి పిన్నీ. దేని పక్కన మెరుపు గుర్తుందో చూడు," అన్నాడు. కుడివైపు దానికుంది. అటు ఎప్పుడూ చార్జరు పెడతాను గనక పెట్టెని ఎడంపక్క తగిలించాను. తీసి కుడిపక్క పెట్టాను. ఏమీ లేదు. చార్జరు మళ్లీ కుడివైపుకి, పెట్టె మళ్లీ ఎడంవైపుకి.

మర్నాడు మరో ప్రశ్న. "కేబులు మీద కూడా మెరుపు గుర్తుండాలి. పొట్టిగా, లావుగా, వంచితే వంగకుండా వుంటుంది. అదేనా నువ్వు పెట్టింది?"

నేను పెట్టింది పొడుగ్గా, సన్నగా, పాములా మెలికలు తిరుగుతోంది. అట్టపెట్టెలో కేబులు లేకపోతే, ములుకు సరిపోయింది కదా అని మావారి ఫోనుది పెట్టాను! మామూలు చార్జింగు కేబులులో పెట్టె మాట్లాడుకోవడానికి కావలసిన తీగలే వుండవట. మూతి ఒకటే, కడుపు వేరు.

మరి అసలుది ఏమైంది? ఇల్లంతా వెతికాం. బీరువా కింద, అటక మీద, పోపులపెట్టెలో తప్ప అన్నిచోట్లా. మా అమ్మాయి గదిలోంచి బయటికొచ్చి, "ఏం పోయిందమ్మా?" అంది. చెవిలో పాటలు పెట్టుకున్నవాళ్లకి ఇంట్లో సంగతులు రెండు రోజులాలస్యంగా అందుతాయి. చెప్పాను. "అదా! నా చార్జరుకుందిగా! ఎక్కడిదో ఇంత పొట్టి కేబులు, మంచం దాకా రాదు, రోజూ నేల మీద కూర్చుని మాట్లాడుతున్నాను," అని ఎదురు నన్నే కోప్పడింది.

నలభై గిగాబిట్ల కేబులు ఎనిమిది నెలలుగా మా ఇంట్లో ఫోను చార్జింగు చేస్తోందన్నమాట. ఏనుగు చేత కూరలసంచీ మోయించినట్టు!

పరిగెత్తుకెళ్లి పెట్టాను. ఏమీ లేదు.

అప్పుడు మాత్రం నీరసం వచ్చేసింది. కార్డు కాదు, రంధ్రం కాదు, కేబులు కాదు. ఇంక మిగిలింది పెట్టే. పెట్టె చచ్చిపోయిందని తేల్చేశాను. రాత్రి భోజనాల దగ్గర మావారు, "పోనీ ఆ క్యాసెట్టు టీవీలో ఒకసారి వేసేసి మామయ్యగారికి చూపించెయ్యకూడదూ?" అన్నారు. నిజమే. ఒకసారి చూస్తారు. రెండోసారి వినాలనిపిస్తే?

నాన్నగారు ఏమీ అనలేదు. మజ్జిగన్నం కలుపుకుంటున్నారు.

ఆ రాత్రి మూడింటికి మెలకువొచ్చింది. ఏదో తప్పిపోయిందని మనసు పీకుతోంది. కాగితం తీసుకుని వంటింట్లో కూర్చుని రాశాను. ఎడమ రంధ్రం, కుడి రంధ్రం. సన్న కేబులు, పొట్టి కేబులు. రెండు రెళ్లు నాలుగు. ఎడమలో సన్నది, చూశాను. కుడిలో సన్నది, చూశాను. ఎడమలో పొట్టిది, చూశాను. కుడిలో పొట్టిది?

అది చూడలేదు!

ఒక్క తప్పే వుంటుందని నమ్మి ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోయాను. ఇక్కడ తప్పులు రెండు. ఒకదాన్ని సర్దితే రెండోది దాన్ని కప్పెట్టేస్తోంది. సర్దినదాన్ని నిర్దోషి అని వదిలేసి మళ్లీ పాతచోటికే తీసుకొస్తున్నాను. ఇరవై ఏళ్లుగా నవలలు రాస్తున్నాను, ఒక ఇంట్లో ఇద్దరు గయ్యాళులుంటే కాపురం ఎలా వుంటుందో పేజీలకి పేజీలు రాశాను. ఇది మాత్రం తోచలేదు.

నైటీ మీద శాలువా కప్పుకుని, పిల్లిలా వెళ్లి, చార్జరు పీకేసి, పొట్టి కేబులు కుడి రంధ్రంలో పెట్టాను. ల్యాప్‌టాపు 'టుడుంగ్' అంది. పసుపు గుర్తుతో కార్డు వచ్చి కూర్చుంది. ఆ పసుపు గుర్తు చూసి ఎంత సంతోషించానో! గుమ్మానికి పసుపు రాసినంత శుభంగా కనిపించింది నా కంటికి.

తక్కిన చిక్కులు చిక్కులే కావు. కెనడా వాడు చెప్పిన డ్రైవరు ఎక్కించాక పసుపు పోయింది. తెర నల్లగా వుంటే, కార్డు హెచ్‌డీఎంఐ వైపు చూస్తోందని తెలిసి అనలాగ్ వైపు తిప్పాను. బొమ్మ వచ్చింది, నలుపు తెలుపుల్లో, పైకి పాకుతూ. అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో వుందట. మనది పాల్. అది మార్చగానే గృహప్రవేశం వాళ్లావిడ చీర ఆకుపచ్చది అయింది. పన్నెండు రోజులుగా ఆవిడ చీర బూడిదరంగనుకుంటున్నాను పాపం. చప్పుడు లేకపోతే దాన్నీ అనలాగ్ వైపు తిప్పాను. గంటసేపు ఎక్కించి చివరిదాకా చూశాం. పురోహితుడి నోరూ మంత్రమూ కడదాకా విడిపోలేదు.

ఆదివారం మధ్యాహ్నం అసలు క్యాసెట్టు పెట్టాం. ఫోన్లన్నీ ఆపించాను. కరెంటు పోతుందేమోనని మావారు ఇన్వర్టరు దగ్గర కాపలా నిలబడ్డారు. నాన్నగారి చెవి మిషను మీద పెద్ద హెడ్‌ఫోను తగిలించాం. నేను బల్ల పక్కనే కుర్చీ వేసుకుని కేబులు మీద చెయ్యేసి కూర్చున్నాను, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్నట్టు.

తామరపువ్వు విచ్చుకుంది. అందులోంచి అక్కయ్యా బావగారూ వచ్చారు. వెనక సినిమా పాట. ఆ రోజుల పెళ్లి వీడియోలు మీకు తెలియనివి కావుగా! స్నాతకానికి సినిమా పాట. జీలకర్ర బెల్లానికి సినిమా పాట. నా గుండెల్లో రాయి పడింది. అమ్మ వచ్చింది. హారతి పళ్లెం పట్టుకుని, లైటు మొహం మీద పడి కళ్లు చిట్లించుకుంటూ పాడుతోంది. పెదవులు కదులుతున్నాయి. వినిపిస్తున్నది సినిమాలో ఎవరో ఎవరి కోసమో పాడిన యుగళగీతం. అమ్మ పాట ఎప్పుడో 1992లోనే, ఆ వీడియో ఆయన మాకు మేలు చేద్దామనుకుని తీసేశాడు. మేమూ అప్పుడు మురిసిపోయే చూశాం, పాటలు భలే వేశాడని. షాపువాళ్ల మీద మండిపడ్డాను నేను!

నాన్నగారు కదలకుండా చూస్తున్నారు. నేను ఆయన వంక చూడలేకపోయాను. ఆపెయ్యనా అని మావారు సైగ చేశారు. వద్దన్నాను.

భోజనాల దగ్గరికొచ్చింది. ఒక పాట అయిపోయింది. రెండో పాట వెయ్యడానికి వీడియో ఆయనకి కాస్త ఆలస్యమైనట్టుంది. ఉన్నట్టుండి గిన్నెల చప్పుడు, పిల్లల గోల, ఎవరో "సాంబారు, సాంబారు" అని కేకలు. పందిట్లో గాలి హోరు. తెర నిండా పరికిణీ కట్టుకున్న పిల్ల వీపు, రెండు జడలు. ఆ వెనకనించి, "ఒసేయ్, పక్కకి జరగవే! అడ్డం నిలబడ్డావు, వెనకవాళ్లకి ఏం కనిపిస్తుంది?"

నేను గబుక్కున కుర్చీ పక్కకి జరుపుకున్నాను. అప్పుడు చూసుకున్నాను, ఇంతసేపూ నాన్నగారికి సగం తెర అడ్డంగానే కూర్చున్నానని.

జడల పిల్ల తప్పుకుంది. చెంగు నడుముకి దోపుకుని అమ్మ, ఎవరినో వెతుక్కుంటూ, కెమెరాని దాటి చూస్తూ, "ఏమండీ, అన్నయ్యగారికి ఇంకా కాఫీ అందలేదుట, కాస్త చూడండి," అంది. అన్నయ్యగారంటే అక్కయ్య మామగారు. అంతే. సినిమా పాట అందుకుంది. తరువాత లెక్క చూస్తే మొత్తం పదకొండు సెకన్లు.

టేపు చివరిదాకా ఆడింది, తెగలేదు. ఎక్కించినది వెనక్కి జరిపి ఆ పదకొండు సెకన్లూ మళ్లీ పెట్టాను. నాన్నగారు హెడ్‌ఫోను రెండు చేతులతో చెవులకి అదుముకున్నారు. గిన్నెలు, సాంబారు, జడల పిల్ల, అమ్మ.

"అందిందే," అన్నారు నాన్నగారు తెరకేసి చూస్తూ, హెడ్‌ఫోను పెట్టుకున్నవాళ్లు మాట్లాడే పెద్దగొంతుతో. "నేనే ఇచ్చాను. రెండుసార్లు పుచ్చుకున్నారు."